గార్డా కంకరబాటలు – సైకిలు వ్యాయామం

ఉత్తర ఇటలీలోని గార్డా సరస్సు సముద్రమట్టానికి 65 మీటర్ల ఎత్తున ఉన్నది. దాని ఉత్తరపు కొసనున్న రీవా పట్టణం నుండి పొనాలే అను పాతబాట కొండచరియను తొలుచుకొని, సొరంగాల గుండా, 655 మీటర్ల ఎత్తునున్న లెద్రో సరస్సు వైపు సాగుతుంది. 1851లో పూర్తయిన ఈ మార్గాన్ని 2004లో పాదచారులకూ సైకిళ్ళకూ తెరచినారు. ఇంకా పైనున్న ట్రెమాల్జో కనుమకు మొదటి ప్రపంచయుద్ధ కాలపు సైనికబాట కలదు. అది చిరకాలాభ్యాసం గలవారికే తగును.

విదేశాలలోని పిల్లల వద్దకు వెళ్ళిన తల్లిదండ్రులు ఉత్సాహం కొద్దీ ఇట్టి బాటలెక్కబోతారు. అరవైయేళ్ళ గుండెకు దాదాపు 600 మీటర్ల ఎత్తు స్వల్పమైన పని కాదు. వ్యాయామం అర్ధశక్తి మేరకే చేయవలెనని శాస్త్రం. ముక్కుతో పీల్చే గాలి చాలక నోరు తెరువవలసి వచ్చుటే సగం బలం వ్యయమైన గుర్తని సుశ్రుతుని మతం. అక్కడనే దిగి నడవండి, సిగ్గెందుకు? రొమ్ములో బిగింపు, ఎడమచేతి లాగుడు, చల్లని చెమట కనిపించినచో కషాయాల ఊసెత్తక వెంటనే 112కు ఫోను చేయించవలెను.

దిగేటప్పుడు కంకర అదురుకు వ్రేళ్ళు తిమ్మిరెక్కుతాయి. వెడల్పు టైర్లలో గాలి కాస్త తగ్గించిన అదురు తగ్గుతుంది. సాయంత్రం గోరువెచ్చని నువ్వులనూనెతో మణికట్టులను, మోకాళ్ళను మర్దించి వేడినీటి స్నానం చేయవలెను.