బ్రాయిలర్ షెడ్లలో అమోనియా నియంత్రణ: లిట్టర్ శుద్ధి ఎప్పుడు, ఎలా?

రామగుండంలో 2021లో ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారానికి రోజుకు 2,200 టన్నుల అమోనియాను, 3,850 టన్నుల యూరియాను తయారుచేసే సామర్థ్యం ఉన్నది. పైరుకు పోషకమయ్యే ఆ నత్రజనియే బ్రాయిలర్ షెడ్లలో వాయురూపంలో వృథా అవుతూ కోళ్లకు హాని కలిగిస్తుంది.

కోడి రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేయగా అమోనియా జనిస్తుంది. తేమ, ఉష్ణోగ్రత, క్షారత్వం పెరిగేకొద్దీ దాని విడుదల అధికమవుతుంది. గాలిలో దాని పరిమాణం 25 పీపీఎం మించితే కళ్లు, శ్వాసనాళాలు దెబ్బతిని, కొక్కెర తెగులు వంటి వ్యాధులకు దారి ఏర్పడుతుంది. నిత్యం షెడ్డులో తిరిగే వారి ముక్కు ఆ ఘాటుకు అలవాటుపడుతుంది. కనుక వాసనను నమ్మక, కోళ్ల తల ఎత్తులో కొలవాలి.

శుద్ధి పదార్థాలు

అల్యూమినియం సల్ఫేట్ లిట్టర్‌ను ఆమ్లీకరించి, అమోనియాను అమ్మోనియం లవణంగా నిలుపుతుంది. కరిగే భాస్వరాన్నీ బంధిస్తుంది. లిట్టర్ బరువులో 5–10 శాతం మోతాదును, పిల్లలను వదలడానికి ముందే పైపొరలో కలపాలి. కలిపేవారు ముసుగు, కళ్లద్దాలు, చేతితొడుగులు ధరించాలి. అంగళ్లలో దొరికే స్ఫటిక పటిక పొటాషియం కలిసిన వేరొక లవణం. అందులో అల్యూమినియం తక్కువ. సున్నం క్షారత్వాన్ని పెంచి అమోనియాను వెలువరిస్తుంది. విద్యుత్ కేంద్రాల బూడిద సాధారణంగా క్షార స్వభావం గల సన్నని ధూళి. చౌకగా లభించినా లిట్టర్‌కు తగదు.

మన పరిస్థితులకు అన్వయం

పటికపై విస్తృత పరిశోధన అమెరికాలోని ఆర్కాన్సాస్ రాష్ట్రంలో జరిగింది. అక్కడ ఒకే లిట్టర్‌పై పలు బ్యాచ్‌లు పెంచుతారు. పిల్లలు తొలిరోజు నుండే అమోనియాకు గురవుతాయి. పటిక ప్రభావం ప్రధానంగా మొదటి మూడు, నాలుగు వారాలు ఉంటుంది కనుక అక్కడ అది సరిపోతుంది. ప్రతి బ్యాచ్‌కూ కొత్త వరి ఊక పరిచే షెడ్డులో తొలివారాల్లో అమోనియా స్వల్పం. రెట్ట పేరుకునే చివరి వారాల్లోనే ఎక్కువ. అప్పటికి ముందు చల్లిన పటిక శక్తి క్షీణిస్తుంది. అందుచేత ఊకను తిరిగి వాడే రైతుకే ఈ శుద్ధిని ముందుగా సూచించాలి. మిగిలినవారికి తేమను 20–25 శాతంలో ఉంచడం, గట్టిపడిన లిట్టర్‌ను తొలగించడం, నీటి కారుదలను అరికట్టడం ప్రథమ కర్తవ్యాలు. శీతాకాలంలోనూ పరదాల పైభాగాన గాలి ఆడనివ్వాలి. మండువేసవిలో ఫాగర్ల నీరు ఊకను తడపకుండా చూడాలి.

విద్యార్థులు పరిశీలించదగిన ప్రశ్న ఒకటున్నది: శుద్ధిచేసిన లిట్టర్‌లో మిగిలిన నత్రజని పత్తి, వరి పైర్లకు ఎంత అందుతుంది? షెడ్డులో కొలిచిన లాభాన్ని పొలంలోనూ కొలిచినప్పుడే రైతుకు పటిక ఖర్చుపై నిశ్చితమైన సలహా ఇవ్వగలం.