యంత్రం చేసిందంటే బాధ్యత తీరదు

రాత్రివేళ మేకలు మిరప చేలో పడితే రైతు వాటిని బందెలదొడ్డికి తోలుతాడు. దండుగ మాత్రం మేకలు కట్టవు, యజమాని కడతాడు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇది అందరూ ఎరిగిన న్యాయమే.

దివ్యఖుర్ఆన్‌లోని అంబియా సూరాలో హజ్రత్ దావూద్, హజ్రత్ సులైమాన్ (అలైహిముస్సలాం)ల ముందుకు వచ్చిన వ్యాజ్యమూ ఇటువంటిదే. రాత్రిపూట ఒకరి గొర్రెలు మరొకరి చేలో పడ్డాయి. చేను తిరిగి బాగయ్యేదాకా దాన్ని చూసుకోవలసింది గొర్రెల యజమాని అని, అంతవరకు మంద రాబడి చేను యజమానిదని సులైమాన్ (అ) తీర్పు చెప్పినట్లు వ్యాఖ్యాతలు వివరించారు. నోరులేని జీవానికి నేరం లేదు. కట్టివేయకుండా వదిలిన మనిషికి బాధ్యత ఉంది.

నేడు కృత్రిమ మేధ విషయంలోనూ ఇదే ప్రశ్న. 2023 నవంబరులో సినీనటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొక స్త్రీ దేహానికి అతికించిన డీప్‌ఫేక్ వీడియో దేశమంతా పాకింది. ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో గుంటూరు జిల్లా యువకుణ్ణి అరెస్టు చేశారు. అభిమానుల పేజీకి ఆదరణ పెంచుకోవడానికే ఈ పని చేశాడని వారి ఆరోపణ. ఫోర్జరీ, గుర్తింపు చౌర్యం, ఆంతరంగికతకు భంగం కలిగించడం వంటి సెక్షన్లు పెట్టారు. నిందితుడు మనిషే, యంత్రం కాదు.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 'వ్యక్తి' అనే మాట మనిషికే కాక కంపెనీకి, సంఘానికి కూడా వర్తిస్తుంది. యంత్రానికి అందులో చోటు లేదు. యంత్రానికి సంకల్పం లేదు, శిక్షాభయమూ లేదు. మరి ఎవరూ కోరకుండానే అది హాని చేస్తే? ప్రమాదం తెలిసీ కట్టడి చేయకుండా దాన్ని జనం మీదికి వదిలింది ఎవరని అప్పుడు అడగాలి.

వీడియో తయారుచేయలేదు, పంపానంతే అనే మాట కూడా చెల్లదు. అశ్లీల దృశ్యాన్ని ఇతరులకు పంపినా ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పుణ్యస్త్రీపై వచ్చిన నిందను విన్నవెంటనే ఖండించనివారిని నూర్ సూరా మందలించింది. విని ఊరుకున్నవారికే ఆ మందలింపు అయితే, వేలితో నొక్కి పదిమందికి పంపేవారి మాటేమిటి?

మన ఇంటి ఆడపిల్ల ఫోటోతో ఎవరైనా ఇటువంటి పని చేస్తే ఆమెను నిలదీయకండి, ఫోన్ లాక్కోకండి. వీడియో ఎక్కడ కనబడిందో ఆ వివరాలు భద్రపరచి పోలీసు స్టేషనుకు వెళ్లండి, లేదా 1930కి ఫోన్ చేయండి. తలదించుకోవలసింది ఆమె కాదు, ఆ పని చేసినవాడు.