ఆలుమగలు – పింఛను దరఖాస్తు

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. పింఛను విషయములో ఈ మాట మరింత నిజము. దరఖాస్తుపై సంతకము చేయువారు ఒక్కరే. కాని అందు వ్రాసిన తేదీ ఫలితమును ఆలుమగలు ఇరువురూ జీవితాంతము అనుభవింపవలసి యుండును.

వరంగల్లు చాలకాలముగా కార్మికుల పట్టణము. 1934లో స్థాపింపబడిన ఆజంజాహి మిల్లు ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టి, 2002లో మూతపడినది. నేడు ఇచట మిల్లులలో, దుకాణములలో, ప్రైవేటు పాఠశాలలలో, ఆసుపత్రులలో పనిచేయువారు అనేకులు. వారిలో భవిష్యనిధి ద్వారా పింఛనుకు అర్హులైనవారికి వర్తించునది ఉద్యోగుల పింఛను పథకము. ఇది 1995 నవంబరు 16న అమలులోనికి వచ్చినది.

ఈ పథకము క్రింద పింఛను పొందుటకు కనీసము పదేండ్ల సర్వీసు కావలెను. పూర్తి పింఛనుకు వయస్సు 58 ఏండ్లు. ఉద్యోగము వదలినవారు 50 ఏండ్లు నిండిన పిదప ముందుగానే కోరవచ్చును. అయితే 58కి తక్కువైన ప్రతి ఏటికిని నూటికి నాలుగు వంతున పింఛను తగ్గును. ఈ తగ్గింపు 58 ఏండ్లు నిండినంతమాత్రమున తొలగిపోదు, అది శాశ్వతము. 60 ఏండ్ల వరకు వాయిదా వేసినవారికి ఏటికి నూటికి నాలుగు వంతున పెరుగును.

ఒక ఉదాహరణ చూతము. ఒక కార్మికుడు 53వ ఏట పని మానెననుకొందము. 58 ఏండ్లకు అతనికి రావలసిన పింఛను నెలకు 3,000 రూపాయలు. వెంటనే దరఖాస్తు చేసినచో ఐదేండ్లకు నూటికి ఇరువది తగ్గి 2,400 రూపాయలు వచ్చును. ఆ ఐదేండ్లలో చేతికి 1,44,000 రూపాయలు అందును. ఇది చిన్న మొత్తము కాదు. 58 దాటిన పిదప నెలనెలా 600 రూపాయల లోటు. ముందుగా పొందిన సొమ్ముకు ఈ లోటు సరిపోవుటకు ఇరువది ఏండ్లు, అనగా 78వ ఏడు వరకు పట్టును. ఇంత వరకు చూచినచో తొందరపడుట నష్టమని తోచదు.

కాని లెక్క ఇచట ముగియదు. పింఛను పొందుచున్న భర్త మరణించినచో, అతడు తీసికొనుచుండిన పింఛనులో సగము భార్యకు వచ్చును. 3,000లో సగము 1,500. 2,400లో సగము 1,200. భర్త తొందరపడిన తేదీ వలన భార్యకు నెలకు 300 రూపాయలు తగ్గును. ఆమె వయస్సున చిన్నదై, చాలకాలము బ్రదికినచో ఆ లోటును అంతకాలమును భరింపవలెను. ధరలు పెరిగినను ఈ పింఛను వాటితోబాటు పెరుగునది కాదు. కావున ఆమెను అడుగక తేదీ నిర్ణయించుట న్యాయము కాదు.

అట్లని వాయిదా అందరికిని మేలనరాదు. ఆ కార్మికుడే 60 వరకు ఆగినచో పింఛను సుమారు 3,245 రూపాయలగును. కాని రెండేండ్లలో 72,000 రూపాయలు వదలుకొనవలెను. నెలకు 245 చొప్పున అది తిరిగి రావలెనన్న ఇరువదినాలుగేండ్లకు మించి పట్టును. ఇంట్లో బియ్యమునకు, మందులకు కటకటగా ఉన్నవారు ఆగజాలరు. ఆరోగ్యము, అప్పు, బిడ్డల చదువు కూడ లెక్కలోనివే.

భార్యాభర్తలిరువురును సభ్యులైనచో ఎవరి దరఖాస్తు వారిదే; ఇరువురును ఒకే తేదీన కోరవలెనను నియమము లేదు. ముందుగా డబ్బు అవసరమైనచో, చిన్న పింఛనును ముందు కోరి, పెద్దదానిని 58 వరకు నిలుపుట మంచిది. జంటలో మిగిలినవారికి పెద్ద పింఛనులోని సగము తగ్గక వచ్చును.

దరఖాస్తునకు వాడునది 10-డి ఫారము. దానితో దంపతుల జంట ఫోటో, వయస్సు ఋజువు, బ్యాంకు ఖాతా వివరములు, పిల్లల పుట్టిన తేదీలు సిద్ధముగా నుంచుకొనవలెను. ఆధారులోని పేరు, పుట్టిన తేదీ భవిష్యనిధి రికార్డుతో సరిపోవునా యని ఏడాది ముందే చూచుకొనుట శ్రేయస్కరము. తేడాలను దిద్దించుటకు కాలము పట్టును. ఇంకొక ముఖ్య విషయము: పెండ్లికి పూర్వము భవిష్యనిధికి ఎవరినైన వారసులుగా వ్రాసియున్నచో, పెండ్లి తరువాత ఆ నియామకము చెల్లదు. భార్య లేక భర్త పేరుతో క్రొత్తగా వ్రాయవలెను.

పింఛను మంజూరైన తరువాత ఏటేట జీవన ప్రమాణ పత్రము సమర్పింపవలెను. ఏ నెలలో ఇచ్చినను అది పన్నెండు నెలలు చెల్లును. భర్త మరణించినచో మరణ ధ్రువపత్రముతో భార్య పింఛను కోరవలెను. అందులకై పింఛను ఉత్తర్వు ఎక్కడ ఉన్నదో, ఏ బ్యాంకులో జమ అగుచున్నదో ఆమెకు ముందే తెలిసియుండుట అవసరము. ఫారము నింపునపుడు ఇరువురును ప్రక్కప్రక్కన కూర్చుండి, పై లెక్కను తమ అంకెలతో ఒకసారి వేసి చూచుకొని, అటుపిమ్మట తేదీ వ్రాయుదురు గాక.