వలస కార్మికుల ఆరోగ్యం: ప్రభుత్వ, స్వచ్ఛంద సంస్థల భాగస్వామ్యం

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు పెద్దసంఖ్యలో పనిచేస్తున్నారు. వీరి వైద్యానికి చట్టపరమైన ఆధారాలు లేకపోలేదు. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వైద్యసేవలకు హక్కు కల్పించింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఉచిత వైద్యసదుపాయాన్ని కాంట్రాక్టరు బాధ్యతగా నిర్దేశించింది. అయితే హక్కుకూ ఆసుపత్రికీ మధ్య భాష అడ్డుగా నిలుస్తుంది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ (2005) రూపొందించిన ఆశా వ్యవస్థ ప్రధానంగా స్థానిక కుటుంబాల చుట్టూ అల్లుకున్నది. తరచు అద్దెగది మారే ఒంటరి కార్మికుడు ఆ పరిధిలోకి సులభంగా రాడు.

ఈ లోటును పూరించగల నమూనా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో ఉంది. దాని మూడవ దశలో (2007–2012) ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకు నిధులు సమకూర్చగా, ఆ సంస్థలు వలస కార్మికుల నుంచే ప్రచారకులను ఎంపిక చేశాయి. అమెరికాలోని హిస్పానిక్ సమాజాలలో 'ప్రొమోతోరా'లనే ఆరోగ్య కార్యకర్తల పాత్ర కూడా ఇటువంటిదే. వారు తమవారితో తమ భాషలోనే మాట్లాడతారు.

క్షయ విషయంలో ఈ అవసరం మరింత స్పష్టం. సాధారణంగా ఆరు నెలలు సాగే చికిత్స మధ్యలో కార్మికుడు ఊరు మారి మందులు ఆపితే, వ్యాధి మందులకు లొంగని స్థితికి చేరవచ్చు. అతని కదలికలు ముందుగా తెలిసేది తోటి కార్మికునికే. కనుక భాగస్వామ్యానికి కొలమానం నిధుల పరిమాణం మాత్రమే కాదు. కార్మికుని భాష తెలిసిన మనిషి అందులో ఉన్నాడా లేదా అన్నది కూడా.