లేసు అల్లిక: మొదటి ముడి నుండి కూలి లెక్క వరకు

మిరప కోతలు ముగిసి కల్లములు ఖాళీ అయిన తరువాత మన ఖమ్మం, భద్రాచలము అడవి అంచు గ్రామములలో కొన్నాళ్లు చేతులకు పని తగ్గును. వేసవిలో తునికాకు కోత ఉన్నను అది కొద్ది దినముల పని. వానకాలములో ముసురు పట్టి, పొలములో అడుగు పెట్టలేని రోజులు కూడ ఉండును. ఇట్టి తీరిక వేళలలో ఇంటిపట్టున చేసికొనదగిన పనులలో లేసు అల్లిక ఒకటి. దీనికి భూమి అక్కరలేదు, నీటి వసతి అక్కరలేదు. ఒక కొక్కెపు సూది, ఒక దారపు ఉండ, కొంత ఓపిక ఉన్న చాలును.

అయితే ఈ పనిలో రెండు విద్యలు ఉన్నవి. ఒకటి కుట్టు వేయుట. రెండవది ఆ కుట్టుకు పట్టిన కాలమును లెక్క కట్టుట. మొదటిది కొద్ది వారములలో చేతికి వచ్చును. రెండవదానిని పట్టించుకొనువారు లేక లేసు అల్లు స్త్రీలు చాలకాలము నష్టపోయిరి. కనుక ఈ వ్యాసములో రెండింటిని గూర్చియు చెప్పుచున్నాము.

ఈ విద్య మనకు కొత్తది కాదు

లేసు అనగానే పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము, పాలకొల్లు జ్ఞప్తికి వచ్చును. నరసాపురపు క్రోషే లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. కాని గోదావరి తీరమున లేసు పని మొదలైనది మన దుమ్ముగూడెములోనే యని దాని చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. 1844 ప్రాంతమున మెక్రే అను మిషనరీ దంపతులు అచ్చటి స్త్రీలకు ఈ పని నేర్పిరనియు, అది క్రమముగా నది వెంట డెల్టాకు దిగినదనియు వారి కథనము. పర్ణశాల ఉన్న మండలము పేరు లేసు చరిత్రలో మొదటి పుటలో ఉన్నదని మనలో చాలమందికి తెలియదు.

ఇంచుమించు అదే కాలమున ఐర్లండు దేశములో జరిగిన సంగతి రైతులు తెలిసికొనదగినది. 1845లో అచ్చటి బంగాళాదుంప పైరుకు ఆకుమాడు తెగులు సోకినది. ఆ తరువాతి సంవత్సరములలో కూడ పంట పోయి, సుమారు పది లక్షల మంది ఆకలికిని, అంటువ్యాధులకును బలియైరి. ఆ కరువులో క్రైస్తవ సన్యాసినుల మఠములు, దాతలు పేద రైతు కుటుంబముల స్త్రీలకు క్రోషే నేర్పి, లేసును పట్టణములలో అమ్మించి, కొన్ని ఇండ్లలో పొయ్యి ఆరిపోకుండ కాపాడిరి. ఒకే పంటను నమ్ముకొన్న ఇంటికి ఇంకొక ఆధారము ఎంత అవసరమో దీనివలన తెలియుచున్నది.

కావలసిన సామగ్రి

మొదటిసారి నేర్చుకొనువారు సన్న దారముతో ప్రారంభింపరాదు. నరసాపురపు లేసు చూచి ముచ్చటపడి సన్న దారము, సన్న సూది కొనినవారు రెండవ రోజుననే విసిగి మూల పెట్టుదురు. మొదట 4 మిల్లీమీటర్ల సూది, దానికి తగిన లావు నూలు దారము తీసికొనవలెను. దారము లేత రంగుది కావలెను. నల్ల దారములో కుట్లు కనబడవు. చేయి కుదిరిన తరువాత సన్న దారమునకు, 2 మిల్లీమీటర్ల లోపు ఉక్కు సూదికి పోవచ్చును. లేసు దారపు ఉండలపై 10, 20, 40 అని అంకెలు ఉండును. అంకె పెరిగిన కొలది దారము సన్నమగునని గుర్తుంచుకొనవలెను.

వీటితో పాటు ఒక కత్తెర, కొలత టేపు, దారపు కొసలను లోపలికి దాచుటకు ఒక పెద్ద కుట్టు సూది, లెక్క వ్రాసికొనుటకు ఒక నోటు పుస్తకము ఉండవలెను. పుస్తకము ఎందుకో ముందు చెప్పెదము.

మొదటి ముడి, గొలుసు

నులక మంచము అల్లినవారికి, చేపల వల కట్టినవారికి దారమును బిగువు చెడకుండ నడిపించుట తెలిసియే యుండును. ఇక్కడ కూడ కీలకము అదియే. సూదిని కుడిచేత కలమువలె పట్టుకొనవలెను. దారమును ఎడమచేతి చూపుడు వ్రేలిపై నుండి పోనిచ్చి, మిగిలిన వ్రేళ్ల నడుమ నుండి ఉండకు వదలవలెను. ఎడమచేతివాటము వారు దీనిని తారుమారు చేసికొనవచ్చును.

1. దారము కొసను జానెడు వదలి, ఒక ఉచ్చు వేసి, ఉండవైపు దారమును ఆ ఉచ్చులో నుండి కొంచెము పైకి లాగవలెను. ఇదే జారుముడి. దీనిని సూదికి తొడిగి, సూది సులభముగ కదలునంత వదులుగ ఉంచవలెను.

2. దారమును సూదిపై ఒక చుట్టు వేసి, కొక్కెముతో పట్టి, సూదిపై ఉన్న ఉచ్చులో నుండి ఇవతలకు లాగవలెను. ఇది ఒక గొలుసు కుట్టు. ఇట్లే వరుసగా వేసికొనుచు పోవలెను.

మొదటి రెండు రోజులు గొలుసు తప్ప మరేమియు వేయవలదు. మూరెడు గొలుసు వేయుట, విప్పుట, తిరిగి వేయుట చేయవలెను. కుట్లన్నియు ఒకే పరిమాణములో వచ్చువరకు ఇది చాలును. విప్పినను దారము పాడు కాకపోవుట ఈ పనిలోని గొప్ప సౌకర్యము. నారుమడి తప్పిన అదను పోవును. ఇక్కడ పోవునది కొద్ది సమయము మాత్రమే.

పొట్టి కుట్టు, పొడుగు కుట్టు

16 గొలుసులు వేసి, సూదికి దగ్గరగా ఉన్నదానిని వదలి రెండవ గొలుసులో సూదిని గ్రుచ్చవలెను. దారము చుట్టి ఇవతలకు లాగిన సూదిపై రెండు ఉచ్చులు ఉండును. మరల దారము చుట్టి ఆ రెండింటిలో నుండి ఒకేసారి లాగవలెను. ఇది పొట్టి కుట్టు. వరుస చివరకు 15 కుట్లు రావలెను. అప్పుడు ఒక గొలుసు వేసి, పనిని త్రిప్పి, తిరుగు వరుస ప్రారంభింపవలెను.

పొడుగు కుట్టునకు గ్రుచ్చుటకు ముందే దారము ఒక చుట్టు వేసికొనవలెను. గ్రుచ్చి లాగిన పిదప సూదిపై మూడు ఉచ్చులు ఉండును. దారము చుట్టి రెండింటిలో నుండి, మరల చుట్టి మిగిలిన రెండింటిలో నుండి లాగవలెను. వరుస త్రిప్పునప్పుడు మూడు గొలుసులు వేయవలెను. ఆ మూడును క్రొత్త వరుసలో మొదటి పొడుగు కుట్టుగా లెక్కకు వచ్చును.

ఒక పొడుగు కుట్టు, రెండు గొలుసులు, క్రింద రెండు కుట్లు వదలి మరల ఒక పొడుగు కుట్టు. ఇట్లు వేసికొనుచు పోయిన గళ్ల వల తయారగును. కూరగాయల సంచికి ఇది చక్కగా పనికి వచ్చును.

పుస్తకములు చూచి నేర్చుకొనువారికి ఒక హెచ్చరిక. అమెరికా పుస్తకములలో సింగిల్ క్రోషే అన్నదానినే ఇంగ్లండు పుస్తకములలో డబుల్ క్రోషే అందురు. ఏ దేశపు పద్ధతియో ముందుగా చూచుకొనని యెడల కొలతలు పూర్తిగా తప్పును.

తరచు వచ్చు చిక్కులు

అంచులు లోపలికి కుంచించుకొని పోవుట: వరుసలో మొదటి కుట్టో, చివరి కుట్టో తప్పిపోవుటయే కారణము. ప్రతి వరుసను లెక్కింపవలెను. కట్టకు 50 చొప్పున తునికాకు లెక్కించు చేతులకు 15 కుట్ల లెక్క కష్టము కాదు.

సూది గ్రుచ్చుకొనక పోవుట: మొదటి గొలుసు మరీ బిగువైనది. గొలుసు వరకు ఒక అంకె పెద్ద సూది వాడవలెను.

దారము చీలుట: పురి తక్కువైన దారము గాని, దారమునకు మించి సన్నని సూది గాని కారణము.

లేసు మురికి అగుట: ఎరువు, మందు, మిరప ముట్టిన చేతులు సబ్బుతో కడుగుకొని కూర్చుండవలెను. పనిని శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంచవలెను.

కన్నులు, మెడ నొప్పి: పగటి వెలుతురులోనే పని చేయవలెను. అరగంటకు ఒకసారి లేచి నడువవలెను.

మొదటి వస్తువుగా వేడి పాత్ర పట్టుకొను గుడ్డ చేసికొనుట మంచిది. దీనికి నూలు దారమునే వాడవలెను. ఉన్నివలె కనబడు అక్రిలిక్ దారము వేడికి కరగి చేతికి అంటుకొనును. పూర్తయిన లేసును తడిపి, చాపపై గుడ్డ పరచి, అంచులు సరిచేసి, తుప్పు పట్టని సూదులు గుచ్చి ఆరబెట్టిన ఆకారము నిలుచును.

కూలి లెక్క

ఇక రెండవ విద్య. వస్త్రములు నేయుటకు, స్వెట్టర్లు అల్లుటకు యంత్రములు ఉన్నవి. నిజమైన క్రోషే కుట్టు వేయు యంత్రము మాత్రము ఇంతవరకు వాడుకలోనికి రాలేదు. కనుక అంగడిలో ఎంత చౌకగా దొరకిన క్రోషే వస్తువు వెనుకనైనను ఎవరో ఒకరి చేయి ఉన్నది. చౌక యైనది ఆ చేతి కష్టమే.

మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రవేత్త నరసాపురపు లేసు పనివారిని గూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటి చాకిరితో పాటు రోజుకు ఆరు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లు స్త్రీలకు పొలము కూలి స్త్రీల కంటె తక్కువ ముట్టుచుండెనని ఆమె చూపెను. వారు సరుకు మీద కూలి తీసికొనుచుండిరి. లాభము వర్తకులకు, ఎగుమతిదారులకు పోవుచుండెను. ఇంటిలో కూర్చుండి తీరికగా చేయు పనియే గదా యని ఊరు, కుటుంబము తలచుటయే ఇందుకు ముఖ్య కారణమని ఆమె వాదము.

మన గ్రామములలో ఈ పని ప్రారంభించునప్పుడే ఈ తప్పు రాకుండ చూచుకొనవలెను. నోటు పుస్తకము ఇందుకే. ప్రతి వస్తువునకు దారపు ఖర్చు, పట్టిన గంటలు, వచ్చిన ధర వ్రాయవలెను. ఒక ఊహా లెక్క చూడుడు. సంచి ధర 120 రూపాయలు, దారము 40 రూపాయలు, మిగులు 80 రూపాయలు. పది గంటలు పట్టిన యెడల గంటకు 8 రూపాయలు. చేయి తిరిగి అయిదు గంటలలో ముగిసిన యెడల గంటకు 16 రూపాయలు. మీ ఊరిలో మిరప కోతకు గంటకు ఎంత పడుచున్నదో దాని ప్రక్కన వ్రాసి పోల్చి చూడవలెను. మిరప కోత ఉన్న రోజున లేసు పట్టుకొని కూర్చుండుట నష్టమో లాభమో ఆ పుస్తకమే చెప్పును. తునికాకు కట్టకు ధర ఎంతో తెలిసికొనియే అడవికి పోవుచున్నాము గదా. లేసుకు మాత్రము ధర అడుగకుండ సూది ఎందుకు పట్టవలెను?

గ్రామోద్యోగులకు, రైతు సోదరులకు

గ్రామములో పదిమంది స్త్రీలు నేర్చుకొన గోరిన, వారికి వెలుతురు గల ఒక గది పగటిపూట చూపించుట గ్రామోద్యోగులు చేయగల మొదటి సహాయము. స్వయం సహాయక సంఘముగా కలసి దారము కొనిన టోకు ధరకు దొరకును. కలసి అమ్మిన బేరమాడు బలము వచ్చును. వర్తకుడు దారమిచ్చి పని చేయించుకొనునప్పుడు ఇచ్చిన దారము తూకము, తిరిగి అందిన వస్తువులు, ఒప్పుకొన్న కూలి, చెల్లింపు తేది ఒక పుస్తకములో వ్రాయించి ఇరువురి సంతకములు తీసికొనవలెను. చదువురాని వారికి ఆ పుస్తకము చదివి వినిపించవలెను.

రైతు సోదరులు కూడ ఒక సంగతి గ్రహింపవలెను. ఇంటి ఇల్లాలు వంట, నీరు, పశువుల పని ముగించి సూది పట్టిన గంట తీరిక గంట కాదు. అదియు పని గంటయే. లేసు వలన వచ్చిన రూకను ఆమె పేరనే జమ కట్టవలెను. పురుషులు ఈ పని నేర్చుకొనుటలో చిన్నతనము లేదు. వల అల్లిన చేతికి లేసు అల్లుట ఎంతసేపు!

మొదటి వారము గొలుసు, రెండవ వారము పొట్టి కుట్టు, మూడవ వారము పొడుగు కుట్టు, నాలుగవ వారము ఒక చిన్న వస్తువు. ఈ క్రమమున ఒక నెల సాధన చేయుడు. మొదటి వస్తువును అమ్మక ఇంట వాడుకొనుడు. రెండవ వస్తువు మొదలుపెట్టిన గడియను మాత్రము పుస్తకములో వ్రాయుట మరువకుడు.