పిల్లిని తెచ్చుకునే ముందే పశువుల ఆసుపత్రి ఎక్కడుందో చూసుకోండి

వేసవి సెలవులొస్తే చాలు, పిల్లలది ఒకటే పట్టు. ఒకరికి పిల్లి కావాలి, ఇంకొకరికి చిలక కావాలి. సంతలో కనిపించిందనో, చుట్టాలు ఇచ్చారనో పెద్దలూ తెచ్చేస్తారు. దానికి జబ్బు చేశాక గానీ ఎక్కడికి తీసుకెళ్లాలనే ఆలోచన రాదు. అందుకే ముందే మూడు సంగతులు తేల్చుకోవాలి. చట్టం ఒప్పుకుంటుందా? దగ్గర్లో వైద్యం ఉందా? రోజూ చూసుకునేది ఎవరు?

చిలక వద్దు, ఎందుకంటే...

రామచిలకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నక్షత్ర తాబేలు కూడా అంతే. 'అదృష్టం' అని ఎవరైనా అంటగట్టబోయినా తీసుకోకండి. పక్షే కావాలంటే లవ్ బర్డ్స్ అని అమ్మే బడ్జీలు ఉన్నాయి. అవి ఆస్ట్రేలియా జాతి. పంజరం విశాలంగా ఉండాలి, వంటింటి పొగకు దూరంగా పెట్టాలి.

మన ఇళ్లకు పిల్లి

చిన్న ఇళ్లలో సులువుగా ఇమిడేది పిల్లి. అది ఇంట్లో తిరిగే జీవి అని, అది తాగిన నీళ్లు అపవిత్రం కావని దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పినట్టు హదీసుల్లో ఉంది. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక చంపిన స్త్రీకి శిక్ష పడిందన్న హదీసూ ఉంది. అంటే పెంచుకోవచ్చు, కానీ దాని ఆకలి, జబ్బు మన బాధ్యతే. ఇంటి కాపలాకు కుక్కను పెట్టుకోవాలనుకుంటే దాని షరతులు ఇమాం సాహెబ్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది.

ముద్దుగా ఉందని పర్షియన్ పిల్లిని కొనేముందు ఆలోచించండి. దానికి రోజూ జుట్టు దువ్వాలి. ముఖం చప్పిడిగా ఉండటంతో కళ్లు కారడం, ఊపిరి ఇబ్బంది ఎక్కువ. మన తీరప్రాంతపు ఎండ, ఉక్కపోత దానికి కష్టం. మన నాటు పిల్లికి ఈ బాధలు తక్కువ. ఏ పిల్లయినా ఇంట్లో బాగా చూసుకుంటే 12 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. కాబట్టి కొన్న ధర కాదు, అన్నేళ్ల తిండి, టీకాలు, మందుల ఖర్చు లెక్క వేసుకోవాలి.

తిండి, మందులు

పిల్లికి మాంసాహారం తప్పనిసరి. పాలన్నం ఒక్కటే పెడితే చాలదు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. కవళ్లో, కోడిమాంసమో ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముళ్లూ ఎముకలూ తీసి పెట్టండి. మిగిలిన బిర్యానీ, కూర వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని దెబ్బతీస్తాయి. జ్వరం వచ్చిందని పారాసిటమాల్ వేస్తే ప్రాణమే పోతుంది. కుక్కలకు వాడే పేల మందు కూడా పిల్లికి పూయకూడదు.

పిల్లకు 8 వారాలు నిండాక పిల్లుల జబ్బుల టీకా మొదలుపెడతారు. 3 నెలలకు రేబిస్ టీకా, తర్వాత డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. నులిపురుగుల మందూ అలాగే. మలం పెట్టెను రోజూ శుభ్రం చేయాలి. గర్భిణులు మాత్రం ఆ పని చేయకూడదు. పిల్లి మలం ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా కడుపులోని బిడ్డకు ముప్పు.

గీరితే ఊరుకోవద్దు

"పిల్లే కదా, గీరితే ఏటవుద్ది" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఈ మాటే ప్రమాదం. రేబిస్ కుక్కల నుంచే కాదు, పిల్లుల నుంచీ వస్తుంది. లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కానీ వెంటనే టీకా వేయిస్తే రాకుండా ఆపవచ్చు.

పిల్లి కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, కాఫీపొడి పెట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. సాధారణంగా మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజుల్లో టీకా వేస్తారు. రక్తం వస్తే గాయం దగ్గర వేరే ఇంజెక్షన్ కూడా అవసరం. మధ్యలో మానేయొద్దు. తిడతారేమోనని పిల్లలు గీరిన సంగతి దాచేస్తారు. "గీరితే చెప్పండి, ఏమీ అనం" అని ముందే చెప్పి ఉంచండి.

వైద్యం ఎక్కడ?

ముందుగా దగ్గర్లోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఏ రోజుల్లో, ఏ వేళల్లో ఉంటుందో కనుక్కోండి. 1962 నంబర్ సంచార పశువైద్య సేవలది, ఫోన్‌లో పెట్టుకోండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది. 1885లో లూయీ పాశ్చర్ ఒక బాలుడికి రేబిస్ టీకా ఇచ్చిన రోజు గుర్తుగా ఏటా జూలై 6న జూనోసిస్ దినం జరుపుతారు. ఆ రోజు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు జంతువులకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు.

ఇంకో మాట. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన ప్రాంతం మనది. తుపాను హెచ్చరిక వస్తే పిల్లిని గానీ, పక్షులను గానీ బయట కట్టేసి, పంజరంలో వదిలేసి వెళ్లకండి. మీతో పాటు తీసుకెళ్లే బుట్ట ఒకటి ఇంట్లో సిద్ధంగా ఉంచుకోండి.