సముద్రపు జెల్ల, చెరువులోని వాలుగ

మృగశిరకార్తె ప్రవేశించిననాడు నిజామాబాదు, బోధను అంగళ్ళలో చేపలకుగల గిరాకి పంచాయతీ సభ్యు లెఱిగినదే. ఆనాటి గంపలలోని వాలుగలలో పెక్కింటి కడుపు గుడ్లతో నిండియుండును. ఈ సంగతికి ముందు, మన నీళ్ళలో లేని చేప నొకదానిని గూర్చి చెప్పవలసియున్నది.

అది సముద్రపు పెద్దజెల్ల. ఎఱ్ఱసముద్రము మొదలు హిందూమహాసముద్రపు తీరములయందును, నదీముఖములయందును వసించును. ఒంటికి పొలుసు లేదు. మూతికి మీసము లుండును. మీటరుకు మించియు పెరుగును. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలియును, ఆ నీరు బంగాళాఖాతము చేరును. జెల్ల మాత్రము ఇంత యెగువకు ఎదురీది రాదు. మన వాలుగ, మార్పు దీనికి దూరపు చుట్టములు.

దీని సంతానపోషణ విచిత్రము. ఆడుచేప పెట్టు గుడ్లు లక్షలు కావు, లెక్కింపదగినన్నియే. ఒక్కొక్కటి గోలీకాయంత యుండును. మగచేప వానిని నోట నిడుకొని, పిల్లలై ఈదగలుగువరకు వారములతరబడి మేత ముట్టక కాపాడును. తండ్రి వలలో పడెనా, ఆ కాన్పంతయు పోయినట్లే. 1970ల నడుమ కర్ణాటక తీరమున పెద్ద చుట్టువలలు వాడుకలోనికి వచ్చినవి. ఈ కుటుంబమునకే చెందిన చిన్నజెల్లల గుంపులను, నోట గుడ్లున్న మగచేపలతో సహా, అవి చుట్టివేసినవి. పిమ్మట అచ్చటి జెల్లల రాబడి క్షీణించిపోయినది.

వాలుగ గుడ్లను మోయదు, కావలి కాయదు. తొలకరి వరదకు ఎదురెక్కి, క్రొత్తగా మునిగిన పల్లపునేలలలో గుడ్లు విడుచును. ఆ సమయముననే మత్తడివద్ద బుట్టలు, సన్నకంటి వలలు అడ్డుపెట్టుదురు. శ్రమ తక్కువ, చేప యెక్కువ. నష్టము మరుసటి యేడు గాని తెలియదు. 2016 నుండి ప్రభుత్వము చెరువులలో వదలుచు వచ్చిన పిల్లలు ముఖ్యముగా బొచ్చె, రవ్వు మొదలగు జాతులవి. వాలుగను చెరువు తానే కనవలెను.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలు వేటకు పోరాదు. అనగా మృగశిరనాడు సముద్రమునకు సెలవు, చెరువునకు లేదు! పండుగనాడు చేప తినవలదని మే మనము. పెంచిన బొచ్చె యున్నది. తొలకరికి ముందే మత్స్యకారుల సహకార సంఘముతో కూర్చుండి, మొదటి రెండు వరదలకు మత్తడిని విడిచిపెట్టునట్లు ఒప్పందము చేసికొనుట సభ్యులకు సాధ్యమైన పని. సంఘము వారికి ఆ దినములలో తగ్గు రాబడిని గూర్చియు అక్కడనే మాటాడవలెను. లేనిచో ఒప్పందము కాగితముననే యుండును.

మరియొక మాట. జెల్లకు వీపునను, ప్రక్కలను విషపు ముండ్లు గలవు. మన చెరువుల ఇంగిలాయికిని అట్టివే. గ్రుచ్చుకొనినచో, ఓర్చుకొనగల వేడినీటిలో ఆ చేతిని కొంతసేపు ముంచి యుంచిన బాధ తగ్గును. ముల్లు విరిగి లోన నిలిచినచో వైద్యునివద్దకు పోవలెను.